చెరువుల పట్నం – 8: గండిపేట, నిండినా భయమే ఎండినా భయమే

గత వారం హుసేన్‌సాగర్ కట్ట మీద ఆగాం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో ఆ చెరువు నింపడానికి మూసీ నుంచి కాలువ తవ్వించారని, దాన్నే ఇప్పుడు బుల్కాపూర్ నాలా అంటున్నామని చెప్పుకున్నాం. ఈ వారం అదే దిక్కున, పడమరకు పోదాం. పట్నానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మూసీకి అడ్డంగా ఒక పెద్ద కట్ట ఉంది. కాగితాల్లో దాని పేరు ఉస్మాన్‌సాగర్. జనం నోట మాత్రం అప్పుడూ ఇప్పుడూ గండిపేటే.

ఈ చెరువు ఎవరు కట్టారని హైదరాబాదులో ఎవరినడిగినా మోక్షగుండం విశ్వేశ్వరయ్య అని ఠక్కున చెబుతారు. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవ సభల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. అందులో సగమే నిజం. లెక్క తేల్చింది ఆయన, ఎక్కడ కట్టాలో చూపింది ఆయన. 1913లో ఇక్కడ పని మొదలయ్యేనాటికి ఆయన మైసూరు సంస్థానానికి దివాను. కట్ట లేపింది నిజాం సర్కారు ఇంజనీర్లు, వాళ్ల కింద రాళ్లు మోసిన వేలమంది కూలీలు. విశ్వేశ్వరయ్య ఘనత దీనివల్ల తగ్గేదేమీ లేదు. నన్నడిగితే ఆయన కట్టించిన వాటికన్నా ఇక్కడ రాసిపెట్టిన నివేదికే గొప్పది. దాని సంగతి తెలియాలంటే ముందు మూసీ సంగతి తెలియాలి.

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర, అనంతగిరి గుట్టల్లో. అనంతపద్మనాభస్వామి గుడి ఉన్న కొండలే అవి. అక్కడి నుంచి తూర్పుకు దిగి, పట్నం నడుమ నుంచి పారి, 240 కిలోమీటర్ల దాకా ప్రయాణించి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దీనికి తోడు ఈసీ అని ఇంకో ఏరు. అది దక్షిణంగా శంషాబాద్ వైపు నుంచి వచ్చి లంగర్‌హౌజ్ దగ్గర మూసీతో కలుస్తుంది. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన బాపూఘాట్ ఆ సంగమం దగ్గరిదే. ఏడాదిలో ఎనిమిది నెలలు ఈ రెండు ఏర్లూ ఇసుకలో పాయలుగా పాకుతుంటాయి. వాటిని చూసి నది అనడానికి కొత్తవాళ్లకు నోరు రాదు. కానీ నేల వాలు ఎక్కువ. వాన గట్టిగా పడితే గంటల్లో ఏరు ఒడ్డు తాకుతుంది.

అలాంటి నేలలో మన పాతవాళ్లు కనిపెట్టిన ఉపాయం గొలుసుకట్టు చెరువులు. పై ఊరి చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువులో పడతాయి. అదీ నిండితే ఆ కిందిదానికి. ఒక్కో ఊరు తన వంతు ఆపుకొని మిగిలింది వదులుతుంది. ఈ గొలుసు బాగున్నన్నాళ్లు ఏటికి కళ్లెం వేసినట్టే. ఒక్క చెరువు తెగితే మాత్రం దాని నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అదీ తెగితే రెండింటి నీళ్లూ కలిసి మూడోదాని మీద పడతాయి.

1908 సెప్టెంబరులో జరిగింది అదే.

హస్త కార్తె మొదలయ్యే రోజులు. 27వ తేదీన ముసురు పెనువానైంది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. ఇప్పటి లెక్కలో 48 సెంటీమీటర్లు. 28 తెల్లవారేసరికి మూసీ పట్నంలోకి వచ్చేసింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, బిడ్డనూ కళ్లముందే పోగొట్టుకున్నారు. మొత్తం మృతులు 15 వేలని అంటారు. పాతబస్తీ ముసలివాళ్లు దీన్ని వరద అనరు, తుగ్యానీ అంటారు. పెళ్లిళ్లూ పుట్టుకలూ కూడా చాలాకాలం తుగ్యానీకి ముందు, తుగ్యానీ తర్వాత అనే లెక్కలో చెప్పుకొనేవారు.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దేవిడీల తలుపులు తెరిపించి బాధితులను లోపలికి రానిచ్చాడు. అన్నం పెట్టించాడు. ఇదంతా చరిత్రలో ఉంది. ఏటికి చీర, పసుపుకుంకుమలు సమర్పించాడన్న కథ కూడా జనంలో ఉంది. అది కథగానే ఉండనిద్దాం. ఆయన చేసిన అసలు మేలు ఒక ఇంజనీరుకు కబురు పెట్టడం.

బొంబాయి సర్కారు కొలువు వదులుకున్న విశ్వేశ్వరయ్య అప్పుడు యూరప్ పర్యటనలో ఉన్నారు. కబురు ఇటలీలో ఉండగా అందింది. ఆయన తన పర్యటన ముగించుకొని, 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోదే కాబట్టి తెలుగు ఆయనకు పరాయిది కాదు. ఆరు నెలలు తిరగకుండానే, అక్టోబరు 1న నివేదిక ఇచ్చేశారు.

ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చేది కట్ట ఎత్తు, తూము వెడల్పు లెక్కలు కావు. చెరువుల లెక్క. హైదరాబాదుకు ఎగువన మూసీ, ఈసీల పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో చెరువులు 788. అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు. ఆ వానకు తెగినవి 221. ఏరు పట్నం చేరేసరికి ప్రవాహం సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు. పట్నాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువుల నీళ్లు కూడా అని ఆయన పట్టుకున్నారు. అంతకుముందు అందరూ పట్నంలో నిలబడి ఏటిని తిట్టుకున్నారు. ఆయన మాత్రం ఊరూరా కట్టల లెక్క తెప్పించారు. వరదకు విరుగుడు వంతెనల దగ్గర కాదు, ఎగువన ఉందని అప్పుడు తేలింది.

పరిష్కారం వినడానికి తేలిక. పట్నానికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టాలి. వచ్చిన వరదను వాటిలో పట్టి, ఏరు తట్టుకోగలిగినంత మెల్లగా కిందికి వదలాలి. పట్నంలో గట్లు లేపి, ఒడ్డున తోటలు పెంచాలి. వరద లేని రోజుల్లో అదే నీరు పట్నానికి తాగడానికి పనికొస్తుంది. ఈ చివరి మాట అప్పట్లో కొసరు లాంటిది. అసలు పని వరదను ఆపడమే.

మహబూబ్ అలీఖాన్ 1911లో పోయాడు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాడు. 1913లో మొదలైన కట్ట 1920లో పూర్తయింది. చెరువుకు ఆయన పేరే పెట్టారు. ఈసీ మీది రెండోది 1927లో పూర్తయితే దానికి పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టారు. తాత నాటి వరదకు తండ్రీకొడుకుల పేర్ల మీద రెండు చెరువులు. మూసీ ఒడ్డున ఖాళీ అయిన చోట హైకోర్టు లేచింది, ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఇప్పుడు మనం గొప్పగా ఫొటోలు తీసుకునే ఆ వరస భవనాలు వరద తుడిచిపెట్టిన నేల మీదివే.

ఇక చెరువు కొలతలు. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. నిల్వ 3.9 టీఎంసీలు. కట్టకు 15 గేట్లు. దీనికి నీరు తెచ్చే నేల 738 చదరపు కిలోమీటర్లు. 1,790 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి. కట్ట దగ్గర పనిచేసేవాళ్లు వానాకాలమంతా ఈ అంకె చుట్టే మాట్లాడుకుంటారు. 1,785 అంటే ధీమా, 1,788 అంటే ఎగువ నుంచి వచ్చే ఫోన్ల మీదే ధ్యాస, 1,789 దాటితే గేట్ల దగ్గరే పడక.

ఈ చెరువుకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. వరదను ఆపాలంటే వానాకాలంలో కొంత ఖాళీ ఉంచాలి. దాహం తీర్చాలంటే దొరికిన ప్రతి చుక్కా పట్టి నింపుకోవాలి. 1920 తర్వాత వరదలు మరుపున పడ్డాయి, పట్నం జనాభా పెరిగింది. అసలు పని కొసరై, కొసరు అసలైంది.

ఆ కొసరు మాత్రం గొప్పగా నడిచింది. గండిపేట ఎత్తులో ఉంది, పట్నం పల్లంలో ఉంది. కాబట్టి మోటారు అక్కర్లేదు. చెరువు నుంచి కట్టిన కాలువలో నీళ్లు వాటంతటవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. అక్కడ ఇసుకలో వడబోసి వీధి నల్లాలకు వదిలేవారు. ఒక్క పంపు తిప్పకుండా ఒక రాజధానికి మంచినీళ్లు! ఇప్పుడు మనకు కృష్ణ నీళ్లు 116 కిలోమీటర్ల నుంచి, గోదావరి నీళ్లు 186 కిలోమీటర్ల నుంచి వస్తున్నాయి. వందల అడుగులు పైకి ఎత్తి తోడాలి, దానికి కరెంటు బిల్లు కట్టాలి. గండిపేట నీళ్లకు ఆ ఖర్చు లేదు. రుచికి కూడా పేరుండేది. గండిపేట నీళ్లు తాగినవాడు ఇక పట్నం వదిలిపోడని హైదరాబాదీల మాట. బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న ఉద్యోగులు ఈ మాటనే సాకుగా చెప్పేవాళ్లు.

నీళ్లున్న చోటికి జనం షికారుకు పోకుండా ఉంటారా? మొదట పోయినవాడు నిజామే. కట్ట దగ్గర సాగర్‌మహల్ అని వేసవి విడిది కట్టించుకున్నాడు. ఆ తర్వాత జనం వంతు. సిమెంటు రోడ్లు, రింగు రోడ్లు లేని రోజుల్లో గండిపేట పిక్నిక్ అంటే ఒక రోజంతా పట్టే పని. తెల్లవారుజామునే హండీలు, జంపఖానాలు, స్టవ్వు, టేప్‌రికార్డరు సర్దుకొని బయలుదేరాలి. ఒక కుటుంబం పోతే దానికి జీపు నిండేది, ఒక బస్తీ పోతే లారీ నిండేది. బడిపిల్లలకు ఏడాదికొక విహారయాత్ర ఉంటే అది జూపార్కు, లేదంటే గండిపేట. మధ్యాహ్నం చెట్టుకింద బగారన్నం, సాయంత్రం కట్ట మీద నడక, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం.

ఎనభైల్లో గండిపేటకు రాజకీయ ప్రతిష్ఠ కూడా వచ్చింది. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉంటూ ఇక్కడ కుటీరం వేసుకున్నారు. తెలుగుదేశం మహానాడులు ఇక్కడే జరిగేవి. ఆ రోజుల్లో పత్రికల్లో ‘గండిపేట నిర్ణయం’ అంటే చెరువు సంగతి కాదు, పార్టీ సంగతి. చెరువు ఒడ్డునే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. హుండీ లేని గుడి. మొక్కుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరితే 108. అమెరికా వీసా కోసం మొక్కేవాళ్లు పెరిగి స్వామికి వీసా బాలాజీ అన్న పేరు వచ్చింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఎందరో తెలుగువాళ్లు ఊరు దాటే ముందు చూసిన ఆఖరి చెరువు బహుశా ఇదే. పక్కనే నిజాం వేటభూమిగా ఉండిన అడవి 1994లో మృగవని జాతీయ పార్కుగా మారింది.

ఇప్పటి ఆదివారం వేరు. తెల్లవారకముందే హెల్మెట్లు పెట్టుకొని సైకిళ్ల దండు వస్తుంది. వెనకాలే పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు, వాళ్ల గొడుగులు, లైట్లు. ఎండ ఎక్కేసరికి రోడ్డుపక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాలుతుంటాయి. అమ్మే ఆమె ఒక చేత్తో తాటాకు విసనకర్ర తిప్పుతూ, ఇంకో చేత్తో సగం నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది కంకి పొడవునా రుద్ది ఇస్తుంది. 2022లో హెచ్‌ఎండీఏ ఇక్కడ పెద్ద పార్కు కూడా తెరిచింది. శీతాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గి శిఖం నేల బయటపడితే, దుర్భిణీలు మెడలో వేసుకొని వలస పక్షుల కోసం వచ్చేవాళ్లు వేరే. నీళ్లలోకి దిగొద్దని బోర్డులున్నాయి. దిగేవాళ్లూ ఉన్నారు. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. కట్ట మీద నుంచి నిమ్మళంగా కనిపించినా, ఇది స్నానాల రేవు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ జనం వచ్చేది గేట్లు ఎత్తిన రోజు. ముందు సైరన్ మోగుతుంది. దిగువన అధికారులు రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెడతారు. ఒక గేటు అడుగు లేస్తుంది. కింద బండల మీద నీళ్లు పడి తెల్లగా చిమ్ముతాయి. ఆ తుంపర మీదపడితే జనం కేకలు. మరో గంటకు రెండో గేటు. అప్పటికే నార్సింగి, మంచిరేవుల రోడ్డు మీదికి నీళ్లు వచ్చేసి ఉంటాయి. బారికేడ్ల అవతల సెల్‌ఫోన్లు పైకెత్తి వందలమంది నిలబడి ఉంటారు. 2021 జులైలో దాదాపు పదేళ్ల తర్వాత ఈ గేట్లు ఎత్తినప్పుడు జాతరే జరిగింది.

పదేళ్లు ఎందుకు ఎత్తలేదు? చెరువు నిండలేదు కాబట్టి. 2016 వేసవినాటికి జంట జలాశయాలు రెండూ దాదాపు ఎండిపోయాయి. పిల్లలు అడుగున క్రికెట్ ఆడారు. దీనికి వానను తప్పుపట్టడం అలవాటైపోయింది గానీ, వానలు అంతగా తగ్గలేదని, ఎగువ నుంచి వచ్చే పారకమే తగ్గిందని నీటి పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. వాగుల మీద చెక్‌డ్యాములు, లెక్కలేనన్ని బోర్లు, ఫాంహౌస్‌ల ప్రహరీలు, లేఅవుట్ల రోడ్లు. విశ్వేశ్వరయ్య లెక్కపెట్టిన 788 చెరువుల్లో కొన్ని పూడాయి, కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్ని పటాల్లో మిగిలాయి. ఎగువ చెడితే గండిపేటకు నీళ్లు రావు. వచ్చిన రోజున ఆపేదీ ఉండదు.

ఈ సంగతి సర్కారుకు తెలియక కాదు. 1996 మార్చి 8న 111 నంబరు జీఓ ఇచ్చింది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కూడదంది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ గ్రామాల రైతుల గోడు కూడా నిజమే. గట్టుకు ఇటువైపు ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ నేల మాత్రం పంటకే కట్టుబడి ఉండాలంటే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్లకు నష్టపరిహారంగా ఏ సర్కారూ గట్టిగా ఏమీ ఇవ్వలేదు. పట్నం దాహానికి మూల్యం వాళ్లు కట్టారు.

అదే కాలంలో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల కర్మాగారానికి అనుమతి విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లో, మళ్లీ 2000లో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పులు దేశమంతా లా కాలేజీల్లో పాఠాలయ్యాయి. చెరువు పాడవుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, పాడవదని పరిశ్రమే రుజువు చేయాలన్నది అందులోని సారాంశం. లక్షలమంది తాగే నీళ్ల దగ్గర అనుమానం వచ్చినా ఆగాల్సిందే అన్నమాట. కాలుష్యం కేసుల్లో ఈ సూత్రాన్ని ఇప్పుడు ఎక్కడెక్కడో వాడుతున్నారు. అది ఇక్కడే పుట్టింది కాదు గానీ, కోర్టు దాన్ని విడమరిచి చెప్పింది మన ఈసీ, మూసీల గట్ల మీద వివాదంలో.

2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీఓ వచ్చి 111 ఆంక్షలను సడలించింది. నగరానికి కృష్ణ, గోదావరి నీళ్లు వస్తున్నాయి, జంట జలాశయాలు ఇప్పుడు ముఖ్యమైన ఆధారం కావు అన్నది అప్పటి వాదన. తాగునీటి లెక్క ఒక్కటే చూస్తే ఆ వాదనలో కొంత పస ఉంది. కానీ ఈ కట్ట కట్టింది తాగునీటికి కాదు కదా! ఆ వాదన చేసినవాళ్లు 1909 నివేదిక తెరిచి చూడలేదనే నా అనుమానం.

2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ ఆ సంగతి గుర్తు చేసింది. ఎగువన కుండపోత, రెండు జలాశయాల గేట్లు ఎత్తారు. ఏటి నడుమ కట్టుకున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చి ప్రయాణికులు చిక్కుకున్నారు. చాదర్‌ఘాట్ దగ్గర ఇళ్లు మునిగాయి. తుగ్యానీకి సరిగ్గా 117 ఏళ్లు నిండడానికి రెండు రోజుల ముందు మాట ఇది. 1908తో పోలిస్తే ప్రవాహం చాలా చిన్నది. గండిపేట, హిమాయత్‌సాగర్ లేకపోయి ఉంటే ఆ రాత్రి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఈసారి గండిపేటకు పోయేవాళ్లకు ఒక మనవి. కట్ట మీద ఫొటో దిగి వెనక్కి తిరగకండి. శంకరపల్లి దాటి ఇంకొంచెం ఎగువకు పొండి. ఏ ఊరి చెరువైనా సరే, తూము ఉందా, మత్తడి బాగుందా, శిఖంలో గోడలు లేచాయా చూడండి. ఆ ఊరి పేరు, చెరువు పేరు, చూసిన సంగతి నాలుగు ముక్కలు రాసి పత్రికకు పంపండి. ఈ ధారావాహిక చివర్లో వాటితో ఒక పట్టిక వేద్దాం. వచ్చే వారం ఈసీ మీది హిమాయత్‌సాగర్.